ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

నేను తణుకులో బ్లౌజులు కుడతాను. నా కొలతల పుస్తకాలన్నీ వరసగా అటక మీద ఉంటాయి. ఎవరి ఛాతీ ఎంత, ఎవరికి మెడ ఎంత దించాలి, ఎవరు చేతులు కాస్త బిగిసినా ఊరుకోరు, అన్నీ వాటిలోనే. 2019 పుస్తకంలో ఒక పేజీ ఉంది. శ్రావణమాసం, మంగళవారం. ఒకే ఆవిడ పేరు, అవే కొలతలు, ఒకదాని కింద ఒకటి మూడుసార్లు రాసి ఉన్నాయి. రాత నాదే. రాసినట్టు మాత్రం నాకు గుర్తులేదు, ఇప్పటికీ.

అప్పటికి నాకు 41 ఏళ్లు. బీపీ లేదు, షుగరు లేదు. ఆ పొద్దున్న ఏం జరిగిందో మా అమ్మాయి చెప్తేనే తెలిసింది. అది అప్పుడు ఇంటర్ చదువుతోంది. "ఏమే, ఇవాళ శుక్రవారమా?" అన్నానట. "కాదమ్మా, మంగళవారం" అందట. రెండు నిమిషాలకి మళ్లీ అదే మాట, మళ్లీ అదే జవాబు. మొదట నవ్విందట. అయిదోసారికి దానికి నవ్వు పోయింది. "నీ టెన్త్ పరీక్షలు ఎప్పుడే?" అని అడిగేసరికి ఏడుపొచ్చేసిందట. అది టెన్త్ పాసై ఏడాది దాటింది మరి.

విచిత్రం ఏమిటంటే నా పేరు నాకు తెలుసు, మా అమ్మాయి తెలుసు, మిషను తొక్కుతున్నాను, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. చేతులకి అన్నీ గుర్తున్నాయి. కొత్త సంగతి మాత్రం లోపల నిలవడం లేదు. అందుకే ఇంట్లోవాళ్లు మోసపోతారు. మాట తడబడలేదు, మూతి వంకర పోలేదు, చెయ్యి పడిపోలేదు కదా, ఇది పక్షవాతం ఎలా అవుతుంది అనుకుంటారు.

మా అత్తయ్యగారు దిష్టి తీశారు. శ్రావణమాసం ఉపవాసాల వల్ల నీరసం అన్నారు. వీధి చివర ఆర్ఎంపీ వచ్చి, టెన్షన్ ఎక్కువైంది, పడుకుంటే సర్దుకుంటుంది అని నిద్రమాత్ర ఇచ్చాడు. పడుకున్నాను. ఆ నిద్ర మాకు ఏడు గంటలు మింగేసింది.

ఆ రోజు మా వాళ్లకి తెలియనివి, తర్వాత నెలల్లో ఒక్కొక్కటే మేం నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఏ మందు ఎంత వేసుకోవాలో నన్ను అడక్కండి.

మొదటి అరగంట

తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం, పక్కింటావిడ పేరు తట్టకపోవడం వేరు. మా మామయ్యగారికి వచ్చినట్టు ఏళ్ల తరబడి మెల్లగా మరుపు కమ్ముకోవడం వేరు. నేను చెప్పేది గంటలో, పూటలో ఉన్నట్టుండి వచ్చే మరుపు గురించి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఒకే ప్రశ్న నాలుగోసారి అడిగితే ఐదోసారి దాకా ఆగకండి.

ముందు గడియారం చూడండి. మనిషి బాగా ఉండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారో ఆ టైము కాగితం మీద రాయండి. మీరు తేడా కనిపెట్టిన టైము కాదు, బాగా ఉన్న ఆఖరి టైము. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజక్షను మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆసుపత్రిలో మొదట అడిగేది ఆ టైమే. మా ఆయన్ని అడిగితే "పొద్దున్నే అండి" అన్నారు. పొద్దున్న అంటే ఆరా, పదా? నాకొచ్చినది ఆ ఇంజక్షను ఇచ్చే రకం కాదని తర్వాత తేలింది. అది ముందే ఎవరికి తెలుస్తుంది?

ఇంట్లో షుగరు మిషను ఉంటే వేలు గుచ్చి చూడండి. షుగరు పడిపోయినా మనిషి ఇలాగే అయోమయంగా ఉంటాడు, ముఖ్యంగా షుగరు మందులు వాడేవాళ్లు. 70 కంటే తక్కువ ఉండి, మింగగలుగుతుంటే పంచదార నీళ్లు పట్టండి. షుగరు సరిగ్గా ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు.

తర్వాత నవ్వమనండి, మూతి ఒక పక్కకి లాగుతోందేమో చూడండి. రెండు చేతులూ చాపమనండి, ఒకటి కిందికి జారుతోందేమో చూడండి. మూడు మాటలు చెప్పి మళ్లీ చెప్పించుకోండి. మా ఇంట్లో అయితే సూది, దారం, గుండీ అంటాం. అయిదు నిమిషాలు వేరే కబుర్లు చెప్పి ఆ మూడూ అడగండి. ఒక్కటీ రాకపోతే, అసలు మీరు మూడు మాటలు చెప్పినట్టే తెలియకపోతే, 108కి ఫోన్ చేయండి. ఈ పరీక్షలు పాసైనా సరే, ఉన్నట్టుండి వచ్చిన మరుపైతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పరీక్ష చేసేది డాక్టరుకి చెప్పడానికి, ఇంట్లో ఉండిపోవడానికి కాదు.

చేయకూడనివి కూడా చెప్తాను. నిద్రమాత్ర వద్దు. స్కాన్ చూడకముందు ఆస్పిరిన్ వద్దు, లోపల గడ్డ కట్టిందో రక్తం కారుతోందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. తుంటికి ఇంజక్షను వద్దు. ఆ మనిషిని "ఇప్పుడేగా చెప్పాను" అని కసరొద్దు. మాటలు నిలవకపోయినా భయం నిలుస్తుంది. ఆ పూట గురించి నాకు మిగిలింది అదొక్కటే, ఎందుకో తెలియని భయం.

ఆసుపత్రిలో నోరు విప్పి చెప్పాల్సినవి

మరిచిపోయిన మనిషి తన కథ తాను చెప్పలేదు. పక్కన వెళ్లేవాళ్లే చెప్పాలి. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్‌తో పాటు ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం పట్టుకెళ్లండి. ఆయుర్వేదం పొట్లాలు కూడా.

నా విషయంలో అసలు సంగతి మందుల సంచిలో లేదు. జాకెట్టు గుడ్డల బుట్టలో ఉంది. ఆ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి నెలసరి అడ్డొస్తుందని మందుల షాపులో వాయిదా మాత్రలు కొనుక్కున్నాను. నోరెథిస్టిరాన్. చీటీ అడగలేదు, ఏమీ అడగలేదు. రోజుకి మూడు చొప్పున పన్నెండు రోజులు వేసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి మగవాళ్లకి చెప్పుకునే అలవాటు మనకి లేదు కదా. ఖాళీ అట్ట మా అమ్మాయికి బుట్టలో దొరికింది. ఆ మందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. వేలమందికి ఏమీ కాదు. ఒంట్లో అప్పటికే గడ్డకట్టే జబ్బు దాక్కుని ఉన్నవాళ్లకి అది చాలు. దానికి తోడు ఉపవాసాలు, ఆగస్టు ఉక్క, సరిగా తాగని నీళ్లు.

కాబట్టి అడగకపోయినా ఇవి చెప్పండి: గర్భం రాకుండానో, నెలసరి వాయిదాకో మాత్రలు వాడారా. ఈమధ్య కాన్పు అయిందా. తలనొప్పి ఎన్నాళ్లుగా ఉంది. వాంతులు, చూపు మసక, ఫిట్స్ ఉన్నాయా. కాలు ఎప్పుడైనా వాచి నొప్పి పెట్టిందా. గర్భాలు పోయాయా, ఏ నెలలో. మద్యం ఎంత. జ్వరం, చెవిపోటు, చీము ఏమైనా ఉన్నాయా. ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో గడ్డలు కట్టాయా.

నాకు నాలుగు రోజులుగా తలనొప్పి ఉంది. పడుకుంటే ఎక్కువ, లేస్తే కాస్త తక్కువ. ఉపవాసం తలనొప్పి అనుకుని అమృతాంజనం రాసుకుని కుట్టుకుంటూ కూర్చున్నాను.

కాన్పు అన్నాను కాబట్టి ఒక మాట. మనవైపు పచ్చి బాలింతకి నీళ్లు తక్కువ ఇచ్చే పద్ధతి ఉండేది. దాహం అంటే నాలుగు గుక్కలు, అదీ కాచినవి. నాకూ మా పుట్టింట్లో అలాగే చేశారు. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాల్లో రక్తం గడ్డకట్టే గుణం మామూలు కంటే ఎక్కువ. దానికి నీటి కరువు తోడైతే మెదడు సిరల్లో గడ్డలు కడతాయని దక్షిణాది డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెప్తూనే ఉన్నారు. బాలింతకి తలనొప్పి, వాంతులు, ఫిట్స్, అయోమయం వస్తే గాలి సోకిందని కూర్చోవద్దు. నీళ్లు మాత్రం అడిగినన్ని ఇవ్వండి.

సీటీ బాగుంది అంటే అయిపోయినట్టు కాదు

సాయంత్రానికి మా ఆయన నన్ను దగ్గర్లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. సీటీ స్కాన్ తీశారు. "నార్మల్, మానసికం, రేపు సైకియాట్రిస్టుకి చూపించండి" అన్నారు. సీటీ తప్పు పరీక్ష అనడం లేదు. తలలో రక్తస్రావం ఉందా లేదా చెప్పడానికి అదే ముందు తీయాలి. కానీ సిరల్లో కట్టిన గడ్డ మామూలు సీటీలో కనపడకపోవచ్చు. దానికి ఎంఆర్ఐ, దానితో పాటు సిరలను చూపించే వీనోగ్రామ్ కావాలి. ఉన్నట్టుండి మరుపు, రోజుల తరబడి తలనొప్పి కలిసి ఉంటే "సిరల స్కాన్ కూడా తీస్తారా అండి?" అని మర్యాదగా అడగండి. మా ఆడపడుచు నర్సు. రాత్రి ఫోన్లో అంతా విని "వీనోగ్రామ్ తీయించారా?" అని అడిగింది తనే. తెల్లారకముందే విజయవాడ బయలుదేరాం. అప్పటికి నేను మత్తుగా తూలుతున్నానట.

అక్కడి న్యూరాలజిస్టు మా ఆయనకి బొమ్మ చూపించి చెప్పిన తీరు నాకు నచ్చింది. "మీది గోదావరి జిల్లా కదా. పొలానికి నీళ్లు తెచ్చే పంట కాలువ ఉంటుంది, పొలంలో నీళ్లు బయటికి తీసే మురుగు కాలువ ఉంటుంది. ధమనులు పంట కాలువలు, సిరలు మురుగు కాలువలు. పంట కాలువ పూడితే పొలం ఎండుతుంది. మురుగు కాలువ పూడితే పొలం మునుగుతుంది. మీ ఆవిడకి మునిగింది." మెదడు లోపలి సిరల్లో రక్తం గడ్డ. దానివల్ల మెదడు నడుమ థలమస్ అనే చోట వాపు, ఎడమవైపు ఎక్కువగా. కొత్త సంగతులు జ్ఞాపకంలోకి వెళ్లే దారి అటుగానే పోతుందట. అందుకే మిషను తొక్కడం వచ్చింది, మంగళవారం నిలవలేదు.

వాపులో కాస్త రక్తం కూడా చెమ్మగిల్లింది. అయినా రక్తం పలచబరిచే హెపారిన్ ఇంజక్షన్లు పొట్టకి మొదలుపెట్టారు. మా ఆయన గొడవ పెట్టుకున్నారట, కారుతున్నచోట పలచబరచడం ఏమిటని. మురుగు కాలువ తెరుచుకుంటేనే గట్టు తెగడం ఆగుతుంది అన్నారట డాక్టరు. సిరల గడ్డకి ఆ వైద్యమే పద్ధతి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా చెప్తే హడలిపోయి డిశ్చార్జి అడగకండి.

ప్రతి మరుపూ గడ్డ కాదు

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 50 నుంచి 70 ఏళ్ల వాళ్లకి ఒక రకం తాత్కాలిక మరుపు వస్తుంది. ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు, 24 గంటల్లోపే సర్దుకుంటారు, ఆ పూట మాత్రం ఖాళీగా మిగిలిపోతుంది. మా దగ్గర కుట్టించుకునే ఒక పెద్దావిడకి అదే వచ్చింది, ఇప్పుడు శుభ్రంగా ఉంది. పెద్దవాళ్లలో ఒంట్లో ఉప్పు, అంటే సోడియం తగ్గినా అయోమయం వస్తుంది. పైకి తెలియని ఫిట్స్, జ్వరంతో మెదడువాపు, తలకి దెబ్బ తగిలి వారాల తర్వాత చేరిన రక్తం, ఎక్కువగా తాగేవాళ్లలో బి1 విటమిన్ లోపం, నిద్రమాత్రలు, వీటన్నిటితోనూ మరుపు వస్తుంది. ఏది ఏదో తేల్చేది డాక్టరు. ఇంట్లో కూర్చుని మనం తేల్చుకుంటేనే తంటా.

ఇది ఆడవాళ్ల జబ్బు అని కూడా అనుకోకండి. హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు మెదడు సిరల గడ్డలు వచ్చిన 428 మంది వివరాలు 2012లో ప్రచురించారు. వాళ్లలో సగానికి పైగా మగవాళ్లే. రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగడం ముఖ్యమైన కారణాల్లో ఉన్నాయి. బి12 తక్కువైతే హోమోసిస్టీన్ పెరుగుతుంది. శాకాహారులు బి12 పరీక్ష అడిగి చేయించుకోండి.

గడ్డ సరే, ఎందుకు కట్టింది?

ఈ వ్యాసం రాస్తున్నదే ఈ ప్రశ్న కోసం. గడ్డ కరుగుతోంది, మనిషి కోలుకుంటోంది, ఇక చాలు అనిపిస్తుంది. మేమూ అదే అనుకున్నాం. మాత్రల వల్ల వచ్చింది, ఇంకెప్పుడూ వేసుకోను, అయిపోయింది. కానీ ఆ డాక్టరు "మాత్రలు నిప్పురవ్వ. గడ్డివాము ఎక్కడుంది?" అని అడిగాడు. పాత కాగితాలన్నీ తెమ్మన్నాడు.

మా అత్తయ్యగారు ట్రంకుపెట్టె తెరిచారు. అందులో నా ఇరవై ఏళ్ల కాగితాలు ఉన్నాయి. విడివిడిగా ఒక్కొక్కటీ ఒక్కో ముక్క. నేను బ్లౌజు కత్తిరించాక ముక్కలు పరిస్తే కొత్తవాళ్లకి ఏది వీపో ఏది చంకో తెలియదు చూడండి, అలాగే.

2000లో మొదటి కడుపు. మామూలు పరీక్షల్లో వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చింది. అది సుఖవ్యాధికి చేసే పరీక్ష. మా ఇంట్లో ఆ నెల ఎలా గడిచిందో నేను రాయను. మా ఆయనకి చేస్తే నెగటివ్. అంటే నాకెక్కడి నుంచి వచ్చినట్టు? ఎవరూ పైకి అడగలేదు, అందరూ అడిగినట్టే ఉండేది. తర్వాత ఇంకో పరీక్షలో జబ్బేమీ లేదని తేలింది. "ఒక్కోసారి అలా వస్తుందమ్మా" అన్నారు, అంతే. అయిదో నెలలో ఆ బిడ్డ కడుపులోనే పోయింది. మరుసటేడు ఇంకొకటి మూడో నెలలో పోయింది. 2002లో మా అమ్మాయి, బీపీ పెరిగి ఎనిమిదో నెలలోనే ఆపరేషను. ఆపరేషనుకి ముందు రక్తపరీక్షలో ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే టైము, ఎక్కువ వచ్చింది. "మీకు రక్తం తొందరగా గడ్డకట్టదు, జాగ్రత్త" అని రాసిచ్చారు. 2014లో జ్వరం వస్తే ప్లేట్‌లెట్లు 95 వేలు. డెంగీ పరీక్ష నెగటివ్ వచ్చినా అందరూ డెంగీయే అన్నారు. జ్వరం తగ్గాక ప్లేట్‌లెట్లు మళ్లీ ఎవరూ చూడలేదు. ఇవి కాక, తొడల మీద ఊదారంగు గీతలు, పైన నెట్టు గుడ్డ పరిచినట్టు. చలికి వస్తాయి అనుకునేదాన్ని.

ముక్కలన్నీ కలిపి కుడితే వచ్చిన పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు దీన్ని వివరించాడు, అందుకే హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు. మన ఒంట్లో రోగాలతో పోరాడే యాంటీబాడీలు దారి తప్పి, రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేస్తాయి. ఆ గడ్డ కాలి సిరలో కట్టొచ్చు, మెదడులో కట్టొచ్చు. గర్భంలో అయితే మాయ దెబ్బతిని బిడ్డ నిలవదు.

వీడీఆర్ఎల్ పరీక్షలో కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం వాడతారు. నా ఒంట్లో ఉన్న యాంటీబాడీలు సరిగ్గా దానికే అంటుకునేవి. అందుకే లేని సుఖవ్యాధి ఉన్నట్టు కనిపించింది. ఏపీటీటీ సంగతి ఇంకా తిరకాసు. గాజు గొట్టంలో ఈ యాంటీబాడీలు పరీక్షని అడ్డుకుని రక్తం ఆలస్యంగా గడ్డకట్టేలా చూపిస్తాయి, ఒంట్లో దానికి సరిగ్గా ఎదురు. రక్తం గడ్డకట్టదని నాకు అప్పటికి పదిహేడేళ్ల కింద రాసిచ్చిన కాగితమే, గడ్డకట్టే జబ్బుకి మొదటి సాక్ష్యం.

డాక్టరు వీడీఆర్ఎల్ సంగతి విడమరిచి చెప్తుంటే మా అత్తయ్యగారు అక్కడే ఉన్నారు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచింది ఆవిడే. ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తనే కలిపి పెట్టారు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా 50 ఏళ్లలోపు మెదడులో రక్తం గడ్డకట్టిందని తేలితే పాత ఫైళ్లు దించండి. గర్భాలు పోవడం, కారణం లేని వీడీఆర్ఎల్, పెరిగిన ఏపీటీటీ, తగ్గిన ప్లేట్‌లెట్లు, వాచిన పిక్క, చర్మం మీద వల, ఇవన్నీ ఒక కాగితం మీద తేదీలతో రాయండి. సగం వైద్యం ఆ కాగితమే.

పరీక్షలు, వాటి టైములు

ఈ జబ్బుకి మూడు పరీక్షలు: లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు. మూడూ కలిపి వేలల్లో అవుతాయి. ఒకసారి పాజిటివ్ వస్తే చాలదు, జ్వరాలప్పుడు కూడా కొన్నాళ్లు రావచ్చు. కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయాలి. అప్పుడూ వస్తేనే జబ్బు అని ఖాయం. చాలామంది రెండో పరీక్ష మానేస్తారు. డిశ్చార్జి రోజే క్యాలెండర్లో 12 వారాల తేదీకి సున్నా చుట్టండి.

లూపస్ యాంటీకోయాగులెంట్ పరీక్షని రక్తం పలచబరిచే మందులు పాడుచేస్తాయి. వీలైతే హెపారిన్ మొదలవకముందే రక్తం తీసి పెట్టమని అడగండి. వీలుకాకపోతే మందు ఆపొద్దు, ఏ మందు మీద ఉన్నారో ల్యాబుకి రాసివ్వండి. రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నాయేమో చూసే పరీక్షలూ ఉంటాయి. గడ్డ కట్టిన రోజుల్లో అవి ఉత్తినే తక్కువ చూపిస్తాయి. వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటుంటే ప్రోటీన్ సి, ఎస్ తగ్గుతాయి, గర్భంలో ఎస్ తగ్గుతుంది. నా పక్క మంచం అబ్బాయికి మొదటి వారంలోనే ప్రోటీన్ ఎస్ లోపం అని ముద్ర పడింది. మూడు నెలల తర్వాత చేస్తే మామూలుగా వచ్చింది. ఈలోగా వాళ్లింట్లో పెళ్లి మాటలు ఆగిపోయాయి.

నాకు నవంబరులో రెండోసారి మూడూ పాజిటివే వచ్చాయి. లూపస్, అంటే యాంటీబాడీలు మన ఒంటి మీదే దాడి చేసే ఇంకో జబ్బు, ఉందేమో చూడాలని ఏఎన్ఏ అనే పరీక్ష కూడా చేశారు, లేదు. మా అమ్మాయికి కూడా చేయిద్దామా అంటే లక్షణాలేమీ లేకుండా అక్కర్లేదు అన్నారు. రేపు అది ఏ హార్మోను మాత్రలు వేసుకోవాల్సి వచ్చినా, కడుపుతో ఉన్నా, అమ్మకి ఈ జబ్బు ఉందని ముందే చెప్పమన్నారు.

మాత్రతో కాపురం

మెదడులో రక్తం గడ్డకట్టి బయటపడిన ఈ జబ్బుకి మందు మామూలుగా జీవితాంతం. వార్ఫరిన్ గానీ ఎసినోకౌమరాల్ గానీ ఇస్తారు. రెండూ ఒకటి కావు, షాపువాడు "ఇదీ అదే" అంటే తీసుకోవద్దు. రక్తం ఎంత పలచబడిందో ఐఎన్ఆర్ అనే పరీక్ష చెప్తుంది. నాకు 2కీ 3కీ మధ్య ఉండాలి. రాత్రి ఎనిమిదికి వేసుకుంటాను. మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు.

ఆకుకూరలు మానేయాలా అని అందరూ అడుగుతారు. మానక్కర్లేదు. వాటిలోని విటమిన్ కె మందు బలాన్ని తగ్గిస్తుంది, కాబట్టి ప్రతి వారం ఇంచుమించు ఒకేలా తినాలి. నేను వారానికి రెండు రోజులు తింటాను, గోంగూరో తోటకూరో. మొదటి ఏడాది ఆషాఢంలో మునగాకు తినాలని మా అత్తయ్యగారు వారం రోజులు పప్పులో, పొడిలో, అట్టులో అదే పెట్టారు. ఐఎన్ఆర్ 1.4కి పడిపోయింది. ఇంకోసారి పంటినొప్పికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే 5 దాటి చిగుళ్ల నుంచి రక్తం. కొత్త మందు ఏది మొదలుపెట్టినా మూడు నాలుగు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించుకోండి. కుట్టుపనికి నడుం నొప్పి మామూలే, అయినా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ముట్టను. మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా పైకి బాగున్నట్టున్నా సరే, ఆసుపత్రికే.

రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు ఉన్నాయి కదా అని మా ఆడపడుచు కొడుకు ఫోన్లో చూసి చెప్పాడు. ఉన్నాయి, మామూలు గడ్డలకి మంచివే. కానీ నాలా మూడు పరీక్షలూ పాజిటివ్ ఉన్నవాళ్లలో రివరోక్సబాన్‌ని వార్ఫరిన్‌తో పోల్చిన ఇటలీ పరిశోధనని, కొత్త మాత్ర వాడినవాళ్లకి గడ్డలు, పక్షవాతాలు ఎక్కువ వస్తుండటంతో మధ్యలోనే ఆపేశారు. అది 2018లో వెలువడింది. మందు మార్చే ముందు మీ డాక్టరుతో ఈ మాట ఎత్తండి. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు కడుపు రాకముందే డాక్టర్ని కలవండి. వార్ఫరిన్ కడుపులో బిడ్డకి మంచిది కాదు, అప్పుడు హెపారిన్ ఇంజక్షన్లు, చిన్న ఆస్పిరిన్ ఇస్తారు. ఆ సంగతి 2000లో ఎవరైనా చెప్పి ఉంటే అనుకుంటాను అప్పుడప్పుడు.

మరుపు తిరిగొచ్చే దారి

నాకు జ్ఞాపకం ఒక్కసారిగా రాలేదు. ఆసుపత్రిలో వారం తర్వాత పొద్దున్న తిన్న ఇడ్లీ మధ్యాహ్నం దాకా గుర్తుంది, ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారు. పూర్తిగా కుదురుకోవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. ఇంట్లోవాళ్లకి ఒక్కటే విన్నపం: వచ్చినవాళ్లందరి ఎదుట "వీళ్లెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. "మీ పెద్దమ్మ వచ్చింది, నిడదవోలు నుంచి" అని మీరే చెప్పేయండి.

నాకు పనికొచ్చినవి చిన్నవే. గోడ మీద పెద్ద క్యాలెండరు, గడిచిన రోజు కొట్టేయడం. ఏ వస్తువైనా ఒకే చోట. మాత్ర వేసుకోగానే పెన్నుతో టిక్కు. గుడ్డ కత్తిరించే ముందు పైకి చదవడం: ఎవరిది, ఎంత, ఎప్పటికి. కత్తిరించాక ఆ కొలత పక్కన అడ్డగీత. పర్సులో ఒక చీటీ, నాకున్న జబ్బు పేరు, మందు పేరు, మా ఆయన ఫోన్ నంబరు.

ఆ మంగళవారం నేను కత్తిరించిన ఆకుపచ్చ పట్టు బ్లౌజు గుడ్డ ఆరు నెలల తర్వాత తీసి చూశాను. వీపు సరిగ్గానే ఉంది. చేతులు రెండూ ఎడమవే. ఆవిడ ఇంటికి వెళ్లి గుడ్డ డబ్బులు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. లోపలి నుంచి ఇంకో గుడ్డ తెచ్చి ఇచ్చింది. కొలతలు మళ్లీ తీసుకోనా అని అడిగాను.

"తీసుకో. ఈసారి ఒక్కసారే రాసుకో" అంది.